నేను బర్గూరు ఓట్ల పెట్టెను

కృష్ణగిరి జిల్లాలో ఒక సర్కారు గోదాములో, విరిగిన బెంచీల కింద పడి ఉన్నాను. నా మూత సరిగ్గా పడటం లేదు. ఒంటి మీద తెల్లరంగుతో రాసిన నంబరు సగం రాలిపోయింది.

మా వంశం చిన్నదేమీ కాదు. మొదటి సార్వత్రిక ఎన్నికల కోసం 1951లో బొంబాయి విక్రోలిలో గోద్రెజ్ వాళ్లు మా పెద్దల్ని లక్షల సంఖ్యలో తయారుచేశారు. అప్పట్లో అభ్యర్థికో పెట్టె. గుర్తు పెట్టె మీదే అంటించేవారు. నా కాలానికి గుర్తులు కాగితం మీదికొచ్చాయి. నాలో పడినవన్నీ ముద్ర వేసి మడిచిన బ్యాలెట్లే.

నా పనంతా బడి గదుల్లోనే. నల్లబల్లకు కాస్త ఎడంగా బల్ల వేసి నన్ను పెట్టేవాళ్లు. ప్రిసైడింగ్ ఆఫీసరుగా చాలాసార్లు అయ్యవారే వచ్చేవారు. పొద్దున్నే నా మూత తెరిచి, లోపల ఏమీ లేదని ఏజెంట్లకు చూపించి, కాగితపు సీలు పెట్టి లక్క వేసేవారు. ఎంత శ్రద్ధో ఆ చేతులకు! బయట వరసలో తెలుగు, తమిళం, కన్నడం కలిసి వినిపించేవి. చదువు చెప్పే మనిషి ఓటు అడగడానికి వచ్చాడంటే నాకు మొదటినుంచీ అభిమానం.

అలా వచ్చినవారిలో ఎం. తంబిదురై గారొకరు. 1947లో ఈ ప్రాంతంలోనే, చింతగంపల్లిలో పుట్టారు. మద్రాసులో పెద్ద చదువులు చదివి, డాక్టరేటు తీసుకుని, అధ్యాపకుడయ్యారు. అప్పటికి కృష్ణగిరి జిల్లా లేదు, అంతా ధర్మపురి జిల్లానే. 1984 డిసెంబరులో ఆయన ధర్మపురి నుంచి లోక్‌సభకు నిలబడ్డారు. ఇందిరా గాంధీ హత్య జరిగి రెండు నెలలైనా కాలేదు. ఆయన పార్టీ నాయకుడు, ముఖ్యమంత్రి ఎం.జి.ఆర్. అమెరికాలో ఆసుపత్రిలో ఉన్నారు. శాసనసభకూ లోక్‌సభకూ ఒకే రోజు పోలింగు కాబట్టి ఓటరు చేతికి రెండేసి కాగితాలు. ఆ పార్టీ రెండాకుల గుర్తు గెలిచింది. మరుసటి నెలలోనే ఆ అధ్యాపకుడు లోక్‌సభ ఉపసభాపతి అయ్యారు. వయసు 37. బడి గదిలో మొదలైన పని ఢిల్లీ అంత దూరం పోయిందని మా పెట్టెలన్నీ పొంగిపోయాయి. తర్వాత హోసూరులో ఆయన అదియమాన్ ఇంజనీరింగ్ కాలేజీ పెట్టారు. పదవి వచ్చాక కూడా చదువును వదల్లేదన్నది నాకు నచ్చిన సంగతి.

నా మంచి రోజులు మాత్రం బర్గూరులోనే గడిచాయి. 1991లో బర్గూరు జయలలిత గారిని గెలిపించింది, ఆమె ముఖ్యమంత్రి అయ్యారు. 1996లో ముఖ్యమంత్రిగా ఉండగానే ఆమెను ఇదే బర్గూరు ఓడించింది. రెండుసార్లూ నేను ఒకేలా నోరు తెరిచాను. అదే నా గర్వం.

1998లో తంబిదురై గారు కరూరు నుంచి గెలిచి వాజపేయి మంత్రివర్గంలో న్యాయశాఖ మంత్రి అయ్యారు. ఏడాది తిరిగేసరికి ఆయన పార్టీ మద్దతు వెనక్కి తీసుకుంది. 1999 ఏప్రిల్ 17న విశ్వాస పరీక్షలో 269కి 270. ఒక్క ఓటుతో ప్రభుత్వం పడిపోయింది. దేశమంతా విస్తుపోయిందట. ముసలమ్మ వణికే చేత్తో నాలోకి జారవిడిచిన ఒక్క కాగితం బరువెంతో నాకు తెలుసు కనుక, నేను విస్తుపోలేదు.

2001లో ఆయన బర్గూరులోనే నిలబడి, గెలిచి, రాష్ట్ర విద్యామంత్రి అయ్యారు. అయ్యవారు సొంత గడ్డ మీద గెలిచి చదువుల మంత్రి కావడం! ఇన్నేళ్లు నేను ఎదురుచూసింది ఆ రోజు కోసమే. కానీ ఆ ఓట్లలో ఒక్కటీ నాలో పడలేదు. తమిళనాడు అంతటా ఆ ఎన్నికలు ఓటింగు యంత్రాలతోనే జరిగాయి. నా గదిలో, నా బల్ల మీద ఆ యంత్రం కూర్చుంది. నన్ను గోదాము నుంచి బయటికే తీయలేదు.

అప్పటినుంచీ ఇదే బతుకు. మొదట్లో దులిపేవాళ్లు. తర్వాత ఎత్తులో ఉన్న ఫైళ్లు అందుకోవడానికి నా మీదెక్కి నిలబడ్డారు. నా నడుము అప్పుడే సొట్టపోయింది. ఒకాయన నాలో మేకులు పోసుకున్నాడు. ఒక వానాకాలం పైకప్పు కారి, నీళ్లు నాలో నిలిచి, అడుగు తుప్పు పట్టింది. ఎవరూ వంచి పారబోయలేదు. పక్కనున్న నా తోబుట్టువులను ఒకరోజు తూకానికి వేశారు. ఎన్ని పల్లెల తీర్పులను లక్క సీలు కింద కాపాడినవో అవి! కిలోకింత అని కాటా మీద పెడుతుంటే, ఇవేమిటని అడిగినవాడు లేడు.

2014లో తంబిదురై గారు మళ్లీ లోక్‌సభ ఉపసభాపతి అయ్యారు. 2019లో కరూరులో ఓడి, మరుసటి ఏడాది రాజ్యసభకు వెళ్లారు. పదవులు తిరిగి వస్తాయి. పాత పెట్టెను తిరిగి పిలిచేవాళ్లు అరుదు. 2019 డిసెంబరు పంచాయతీ ఎన్నికలకు మాత్రం తమిళనాడు పల్లెలు బ్యాలెట్ పెట్టెలనే వాడాయి. గోదాములో గట్టిగా ఉన్నవాటిని ఏరుకుని, నూనె రాసి తీసుకెళ్లారు. మూత పడదని నన్ను పక్కకు నెట్టారు.

అయ్యా, నన్ను తూకానికి వేయకండి. తుప్పు గీకించి, మూత బాగుచేయించి, బర్గూరులోనో హోసూరులోనో ఒక బడికి ఇచ్చేయండి. క్లాసు లీడరు ఎన్నికకు పిల్లలు నాలో ఓటు వేసుకుంటారు. సీలు వేసే పద్ధతి అక్కడి అయ్యవార్లకు వచ్చు.