సున్నం పోయి థిన్నర్ వచ్చె

ప్రొద్దుటూరులో ఈమధ్య ఏ గృహప్రవేశానికి పోయినా భోజనాల కంటే ముందు నెత్తికెక్కేది రంగుల వాసన. రెండు రోజుల కిందట గోడలకు ఆఖరి కోటు, నిన్న కబోర్డుల బిగింపు, ఈరోజు సత్యనారాయణ వ్రతం. పీటల మీద కూర్చున్న దంపతుల కళ్లు నీళ్లు కారుతుంటే చూసినోళ్లంతా హోమం పొగ అంటారు. హోమం ఆరిపోయి గంటైనా ఆ కళ్లు మండుతూనే ఉంటాయి, చంటిపిల్లోడు ఏడుస్తూనే ఉంటాడు. ఆ గదిలో అంతసేపు పిల్లోణ్ణి ఎట్లా ఉంచుతారని నాకు కోపం వస్తుంది.

మా రోజుల్లో ఇంటికి సున్నం కొట్టేవాళ్లు. మన నేలలో సున్నపురాయికి కొదవ ఏముంది? ఎర్రగుంట్ల నుంచి జమ్మలమడుగు దాకా ఎక్కడ తవ్వినా రాయే. బట్టీలో కాల్చిన గుల్ల తెచ్చి తొట్టిలో వేసి నీళ్లు పోస్తే బుసబుసా ఉడికేది. పిల్లల్ని దగ్గరికి రానిచ్చేవాళ్లు కాదు. రెండు మూడు రోజులు నాననిచ్చి, గుడ్డలో వడగట్టి, ఇంత బంక, చిటికెడు నీలిమందు కలిపి నార కుంచెతో కొట్టేవాళ్లు. చేతులు కొరుక్కుతింటుందని ముందే కొబ్బరినూనె రాసుకునేవాళ్లు. ఆరేటప్పుడు దాంట్లోంచి పోయేది నీళ్లే. ఆ తర్వాత గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని గోడ మీద మళ్లీ రాయిగా మారేది.

ఇప్పటి ఎనామిల్ రంగు ఆరడమంటే అందులోని ద్రావకం మొత్తం మన గదిలోకి ఎగిరిపోవడం. థిన్నర్‌లో ఎక్కువగా ఉండేది టొల్యూన్, జైలీన్ లాంటివి. తల తిరగడం, వాంతి వచ్చినట్టుండటం, గొంతు మంట అన్నీ వాటి పనే. ఉబ్బసం ఉన్నోళ్లకు ఇంకా చెడ్డ. వాసన తగ్గింది కదా అని గది ఖాళీ అయిందనుకుంటే పొరపాటు. ప్లైవుడ్, పార్టికల్ బోర్డు పొరల్ని అతికించే జిగురులోంచి ఫార్మాల్డిహైడ్ నెలల తరబడి వస్తూనే ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని 2004లోనే మనుషులకు క్యాన్సర్ తెచ్చే వాటిలో చేర్చింది. ఎండ పెరిగేకొద్దీ ఈ ఆవిర్లు ఇంకా ఎక్కువగా లేస్తాయి. మే నెలలో మా ఊరి ఎండ 43, 44 డిగ్రీలు తాకుతుంది. అప్పుడే కిటికీలన్నీ బిగించి ఏసీ వేసుకుంటాం.

పాత మిద్దెలకు గవాక్షి ఉండేది. వంటింటి నడినెత్తిన ఆకాశం కనపడేది, పొగ దాంట్లోంచి పైకి పోయేది. కట్టెల పొయ్యి పొగ మా అవ్వల కళ్లనూ ఊపిరితిత్తుల్నీ తినేసిందన్నది నిజం, గ్యాసు పొయ్యి రావడం పెద్ద మేలు. కానీ పొయ్యి పోయిందని గవాక్షి కూడా మూసేసి, ఆ మూసిన ఇంట్లోకి రంగు, జిగురు, దోమల కాయిలు, రూమ్ ఫ్రెషనర్ అన్నీ తెచ్చి నింపుకున్నాం. కాయిలు సంగతే చూడండి. ఒక్క కాయిలు పూర్తిగా కాలితే వచ్చే సన్నటి పొగ రేణువులు 75 నుంచి 137 సిగరెట్ల పొగతో సమానమని 2003లో అచ్చయిన పరిశోధన లెక్కగట్టింది. సిగరెట్టు ముట్టని ఇల్లాలు కూడా దాన్ని పిల్లల మంచం కింద పెట్టి తలుపు మూస్తుంది.

నాకు ఇంతకంటే బాధ రంగులేసే పిల్లల్ని చూస్తే. జమ్మలమడుగు రోడ్డు మీద ఇనుప గేట్లకు స్ప్రే గన్‌తో రంగు కొడుతుంటారు. ముఖానికి ఒక తువ్వాలు, అంతే. ఒకణ్ణి ఆపి అడిగితే, "అలవాటైపోయినాది తాతా, సాయంత్రానికి రోంత తల నొస్తాది" అన్నాడు. తువ్వాలు దుమ్మును ఆపుతుందేమో గానీ ఆవిరిని ఆపదు. దానికి బొగ్గు గుళికలున్న మాస్కు కావాల. రంగులేసే పనినే క్యాన్సర్ తెచ్చే పనుల జాబితాలో పెట్టింది ఆ క్యాన్సర్ పరిశోధన సంస్థ. ఆ మాట ఆ పిల్లోడికి ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

చట్టం లేదా అంటే కొంత ఉంది. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదని 2016లో నియమాలు తెచ్చారు, మరుసటేడు నవంబరు నుంచి అమల్లో పెట్టారు. బయటి గాలిలో బెంజీన్ ఏడాది సగటు ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములకు మించరాదని 2009లో రాసుకున్నారు. రంగు డబ్బాలోంచి ఇంట్లోకి లేచే ఆవిర్లకు మాత్రం సీసానికి పెట్టినట్టు అందరికీ తప్పనిసరి హద్దు పెట్టలేదు. మట్టికుండ బొమ్మతో ఎకోమార్క్ అని 1991లో ఒకటి తెచ్చారు గానీ, ఇష్టమున్న కంపెనీ తీసుకోవచ్చు, లేనిది మానేయొచ్చు. యూరప్‌లో లోపలి గోడలకు వేసే మెరుపు లేని నీటి రంగుల్లో ఆవిరయ్యే సరుకు లీటరుకు 30 గ్రాములు దాటకూడదని 2010 నుంచి కట్టుబాటు. ఫ్రాన్స్‌లో 2012 నుంచి కొత్తగా వచ్చే రంగుల డబ్బాల మీద, ఇంటి గాలిలోకి ఆ రంగు ఎంత ఆవిరి వదులుతుందో ఏ ప్లస్ నుంచి సీ దాకా అక్షరాలు అచ్చేస్తున్నారు. చదువు రానోడు కూడా పచ్చదా ఎర్రదా చూసి కొనుక్కోవచ్చు. ప్రొద్దుటూరు అంగడిలో డబ్బా తిప్పి చూడండి, ఎన్నేళ్ల గ్యారంటీయో, ఎన్ని చదరపు అడుగులొస్తుందో ఉంటుంది. నాకు కావాల్సింది ఆ ఒక్క అక్షరం.

2020 మే 7న విశాఖ దగ్గర ఆర్ఆర్ వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి 12 మందిని చంపింది. ఎల్జీ పాలిమర్స్ ట్యాంకులోంచి తెల్లవారుజామున లేచి, నిద్రలో ఉన్న ఊరి మీద పడింది. స్టైరీన్ కూడా ఈ ఆవిరయ్యే రసాయనాల జాతిదే. ఆ రోజు రాష్ట్రమంతా వణికింది, ట్యాంకుల్ని తనిఖీ చేయమంది. అంత మోతాదు ఇంట్లో ఉండదు, నిజమే. కొంచెం కొంచెంగా ఏళ్ల తరబడి లోపలికి పోయేదాన్ని తనిఖీ చేసే మనిషి ఎవరు?

మా పెద్దమనవరాలు పులివెందుల నుంచి తొలికాన్పుకు వస్తోంది. వాళ్ల నాయన గదికి కొత్త రంగు వేయిస్తానంటే వద్దన్నాను, సున్నమే కొట్టించాం. పురిటి బిడ్డకని పెట్టె అడుగున దాచిన మెత్తటి పాత పంచెల మధ్య కలరా ఉండలు కనబడితే తీసి పారేసి, బట్టలన్నీ ఉతికించి ఎండలో వేయించినాను. పుట్టుకతో జీ6పీడీ అనే ఎంజైము లోపమున్న బిడ్డకు ఆ ఉండల ఆవిరి తగిలితే రక్తకణాలు పగిలి కామెర్లు ముదురుతాయి. ఆ లోపం ఉందో లేదో పుట్టగానే మనకు తెలీదు. పెట్టెలో ఉండల బదులు వేపాకు వేయమంటే కోడలు, "ఎండిన ఆకు పొడి రాలుతాది మామా" అనింది. రాలితే దులుపుకుందాంలే అన్నాను.