సూరతు చీటీకి సటీక తాత్పర్యము

మూలము: "రాజా. పాతది. అసలుది. ఫిక్స్ రేట్."

అవతారిక: సూరతు చౌక్ బజారున ఒక పాతసామాన్ల కొట్టులో కవచధారియైన దొరవారి చెక్కుడు పటమొకటి వేలాడుచుండగా, దాని అద్దమునకు అంటించిన చీటీ ఇది. కర్త దుకాణదారు. ఛందస్సు కొనువాని వాలకమును బట్టి మారును.

టీక: రాజా = పేరు తెలియనివాడు. పటము కింది అంచును పూర్వమెవరో చట్రములో పట్టుటకై కత్తిరించిరి. దొర పేరు, బొమ్మ వేసినవాని పేరు, రాగిరేకు చెక్కినవాని పేరు ఉండవలసిన చోటు అదే. కాగా ఇనుము తొడిగిన ప్రతివాడును ఈ కొట్టులో రాజే.

ఇతడు హెండ్రిక్ వాన్ రీడ్ అని పూర్వపక్షము. ఆ డచ్చి కులీనుడు 1691 డిసెంబరులో సూరతుకు వచ్చుచు ఓడలోనే కన్నుమూసెను. కతార్‌గామ్ గేటు చేరువ శ్మశానమున అతని సమాధి నేటికీ కలదు. ఆంగ్లేయులైన ఆక్సెండెన్ సోదరుల సమాధిని తలదన్నవలెనని డచ్చివారు దానినంత ఘనముగా కట్టిరందురు. చచ్చినవారి మీద కూడ ఇంత పోటీ యేమో! ఊరిలో ఇంతటి దొర ఉండగా పటము ఇంకొకనిది ఎట్లగునని పూర్వపక్షి వాదము.

ఇది నిలువదు. సమాధి ఉన్నంత మాత్రమున దొరికిన ముఖమెల్ల అతనిది కాదు. పైగా అతని కీర్తి ఇనుమున లేదు, ఆకులలో ఉన్నది. 1678 మొదలు 1693 వరకు ఆమ్‌స్టర్‌డామ్‌లో 12 సంపుటములుగా వెలువడిన హోర్టస్ మలబారికస్ అతడు చేయించినదే. కేరళ వైద్యుడు ఇట్టి అచ్యుతన్, కొంకణి పండితులు రంగభట్టు, వినాయక పండితుడు, అప్పుభట్టు చెప్పగా 700 పైచిలుకు మొక్కలు అందులో చేరినవి. పనసచెట్టును చెక్కించుటకు కవచమేల?

పాతది = వాడుక పోయినది. మెడలో లేసు, తలపై టోపా జుట్టు, ఒంటిపై ఉక్కు. తుపాకులు వచ్చి కవచములు మూలబడిన పిమ్మట కూడ దొరలు బొమ్మకు కూర్చున్నపుడు వీనిని తొడిగెడివారు. నిజముగా కావలసిన వేళ మాట వేరు. 1664 జనవరిలో శివాజీ సూరతుపై పడగా నగరాధికారి ఇనాయత్ ఖాన్ కోటలో దూరి తలుపు బిగించుకొనెను. పై సోదరులలో ఒకడైన జార్జి ఆక్సెండెన్ తన కొద్దిమందితో కోఠీ కాచుకొనెను.

అసలుది = ఈ పదమే పరీక్షింపదగినది. భూతద్దము పెట్టిన దొర మాయమగును, గీతలు మిగులును. అడ్డగీతలు, నిలువుగీతలు, ఒకదానిపై నొకటి. లింబాయత్‌లో సాంచాలు నడిపే మన పద్మశాలీలకు చూపిన పడుగు, పేక అనక మానరు. గీతలు చిక్కనైన చోట నీడ, పలుచనైన చోట వెలుగు. రొమ్ముకవచముపై కన్ను చెదరు తళతళ ఉన్నదే, అక్కడ సిరా చుక్కయు లేదు, వట్టి కాగితమే.

శంక: ఖడ్గము కుడి నడుమున వేలాడుచున్నది, నాయకుడు ఎడమచేతివాటమువాడా?

సమాధానము: కాదు. వర్ణచిత్రమును చూచి రాగిరేకున ఉన్నదున్నట్లు దింపిన, అచ్చులో ఎడమ కుడియగును. తొందరలో ఉన్న చెక్కుడువాడు తిప్పి గీయుట మానెను.

ఫిక్స్ రేట్ = బేరమునకు ఆహ్వానము. దీనికి వేరర్థము చెప్పిన వ్యాఖ్యాత సూరతు చూచి యుండడు.

తాత్పర్యము: పేరులేని దొర, తొడుగులోని శౌర్యము, కాగితపు మెరుపు. అయినను ఆ గీతల పనితనమునకు డబ్బు ఇయ్యవచ్చును. ముందు అద్దము తీయించి, కోయని మూడు అంచుల వెంట వేలు పోనిండు. రాగిరేకు ఒత్తిన పల్లము తగులవలెను. తగులక, భూతద్దములో గీతలకు బదులు చుక్కలు కనబడెనా, అది నిన్నమొన్నటి యంత్రపు అచ్చు. సగము ధరకు ఇచ్చినను కొనకుడు.