బొంతకాకి దగ్గర ఇంగ్లిష్ నేర్చుకొనుట ఎట్లు?

అమెరికా వెళ్లే పిల్లలకు ఇంగ్లిష్ మాటలు నేర్పడానికి ఊళ్లో వంద పద్ధతులున్నాయి. అన్నీ దండగే. ఒకప్పుడు జీఆర్‌ఈ రాసేవాళ్లు బారన్స్ పుస్తకంలోని 3,500 మాటల పట్టీని తెల్లవార్లూ బట్టీపట్టేవారు. 2011 ఆగస్టులో ఆ పరీక్షలోంచి వ్యతిరేక పదాల ప్రశ్నలు ఎత్తేశారు. దాంతో "మాట వాక్యంలో ఎలా ఒదుగుతుందో చూడండి, చాలు" అనే మేష్టార్లు బయల్దేరారు. వాళ్ల మాట చెవిన పెట్టకండి. ఒదిగి ఉండే మాట ఎవరి కంట్లో పడుతుంది? మాట అన్నాక పదిమందీ వెనక్కి తిరిగి చూడాలి. వీలైతే ఒకరిద్దరు భయపడాలి.

అలాంటి మాటలన్నీ ఒకేచోట దొరికేది అమెరికా కవి ఎడ్గార్ ఎలన్ పో రాసిన 'ది రావెన్' అనే పద్యంలో. 1845 జనవరిలో న్యూయార్క్ పత్రికలో అచ్చయింది. కథ చిన్నదే. డిసెంబరు అర్ధరాత్రి ఒకాయన చనిపోయిన లెనోర్‌ని తలచుకుంటూ పాత పుస్తకాల మధ్య కునికిపాట్లు పడుతుంటాడు. ఏదో చప్పుడై కిటికీ తెరిస్తే పెద్ద నల్లపిట్ట ఒకటి దర్జాగా లోపలికొచ్చి, తలుపు మీదున్న పల్లాస్ దేవత పాలరాతి బొమ్మపై తిష్ఠ వేస్తుంది. ఆయన ఏమడిగినా 'నెవర్‌మోర్', అంటే ఇంకెప్పుడూ లేదని, ఒక్కటే జవాబు. ఇంత చిన్న కథలో సర్సీస్, నెపెంథీ, ఒబేసెన్స్, మీన్, క్రేవెన్, ప్లుటోనియన్ లాంటి మాటలు గుట్టలుగా పడున్నాయి. వీటిలో చాలా మటుకు పో నాటికే పాతబడ్డవి. చీకటి, శోకం, బూజు కలిసి చదివేవాడి ఒళ్లు జలదరించాలని ఆయన పనిగట్టుకుని ఏరి తెచ్చుకున్నాడు. దయ్యాల కొంపకు సరిపడా సామాను అన్నమాట. దాన్నంతటినీ మనం నోట్లో సర్దుకుని శంషాబాద్ నుంచి విమానం ఎక్కేద్దాం. 23 కిలోల లెక్కలోకి కూడా రాదు.

చదువుకు ముందు చోటు కుదరాలి. పద్యానికి అర్ధరాత్రి కావాలి. శంషాబాద్‌లో దానికి కొదవ లేదు. 2008 మార్చిలో బేగంపేట నుంచి విమానాలు ఇక్కడికి తరలినప్పటి నుంచి ఈ ఊళ్లో అర్ధరాత్రే పట్టపగలు. విదేశాలకు పోయే విమానాలు చాలావరకు ఆ వేళకే కదా. చిక్కల్లా పిట్టతోనే. అసలు రావెన్ మన దక్కనులో ఉండదు, బొంతకాకితో సరిపెట్టుకోవాలి. ఆ కాకి కోసం రన్‌వే వైపు వెళ్లకండి. పక్షులు మూగి విమానాలకు అడ్డం పడతాయని చుట్టూ 10 కిలోమీటర్ల మేర చెత్త పారబోయకూడదనీ, జంతువులను కోయకూడదనీ నిబంధనలున్నాయి. అంటే సాహిత్యానికి అనువుగా ఉండాల్సిన పిట్టను ప్రభుత్వమే తరిమేస్తోంది. పాత ఊరి వైపు వెళ్లి, ఏ పిట్టగోడ మీదో ఉన్నదాన్ని చూసి మొదలుపెట్టండి. అది మీరు పిలిస్తే రాదు, పొమ్మంటే పోదు. గురువుకు ఉండాల్సిన లక్షణం అదే.

ఇక రెండోది. అర్థం జోలికి పోకండి. ఈ మాట నేను గాలికి చెప్పడం లేదు. మరుసటి ఏడు, 1846లో, ఆ పద్యాన్ని ఎలా కట్టాడో వివరిస్తూ పో ఒక వ్యాసం రాశాడు. 'ఓ' దీర్ఘం మోగాలి, దాని పక్కన 'ర్' నిలవాలి అనుకుని, ఆ లెక్కలోంచే 'నెవర్‌మోర్' అనే మాటను పట్టానని చెప్పుకున్నాడు. ఒకే మాటను మళ్లీమళ్లీ అనడానికి బుద్ధి ఉన్న మనిషి పనికిరాడు కనుక, ఆలోచన లేకుండా మాట్లాడే ప్రాణి కావాలి. ఆయనకు మొదట తట్టింది చిలకే. ఆ తర్వాతే కాకి వైపు మొగ్గాడు. చిలకపలుకులని మన పెద్దలు ఊరికే చులకన చేశారు గానీ, అంత పెద్ద కవికీ ముందు చిలకే గుర్తొచ్చింది. ఒక్కో మాటనూ లెక్కల మేష్టారిలా ఆలోచించి పెట్టానని కూడా అదే వ్యాసంలో రాశాడు. ఆ పేజీ తిప్పేయండి.

ఆ వ్యాసంలోనే ఇంకో ముక్క ఉంది, అది చూసినప్పుడు నాకు రోమాలు నిక్కబొడుచుకున్నాయి. సుమారు వంద పాదాలుండాలని మొదలుపెట్టాడట, చివరికి 108 తేలాయట! తెలుగువాడికి ఇంతకన్నా ఏం కావాలి? పూజకు అష్టోత్తరం, ప్రాణం మీదికొస్తే 108 అంబులెన్సు, ముచ్చింతల్‌లో 216 అడుగుల రామానుజుల చుట్టూ 108 దివ్యదేశాలు. అన్నిటికన్నా ముఖ్యంగా, వీసా బాలాజీ కొలువైన చిలుకూరు.

చిలుకూరులో కోరిక కోరుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, తీరాక 108. లెక్క తప్పకుండా అంకెలు అచ్చేసిన కార్డు చేతిలో పెట్టుకుని, ఒక్కో చుట్టుకు ఒక్కో అంకె మీద గీత గీస్తూ తిరుగుతారు. అరవై దాటేసరికి చెమటకు కార్డు మెత్తబడుతుంది, పెన్ను సిరా పట్టదు, ముందు నడిచే ఆవిడ "డెబ్బయ్యా, డెబ్బయ్యొకటా?" అని పక్కావిణ్ని అడుగుతుంటుంది, ఆవిడ లెక్కా అక్కడే తప్పుతుంది. మీరు చేయవలసిందల్లా చుట్టుకొక పాదం చెప్పుకోవడమే. గోవింద నామం చెప్పుకునేవాళ్లకు అడ్డు రాకుండా పెదవులు మాత్రం కదపండి. కార్డు మీద గీతకు పుణ్యం, పాదానికి పాండిత్యం. ఒక్కటే ఇబ్బంది. వీసా ఇంకా రానివాళ్లకు 11 చుట్లే కనుక 11 పాదాలే దక్కుతాయి. అక్కడికి లెనోర్ పేరు మాత్రం వస్తుంది. పిట్ట లోపలికొచ్చేది ఏడో చరణంలో, 38వ పాదం దగ్గర. వీసా పడేదాకా తలుపు చప్పుడు వింటూ ఉండడమే మీ వంతు.

మాటలు నోటికొచ్చాక జనంలో వాడాలి. ముందు క్యాబుతో మొదలుపెట్టండి. ఆరాంఘర్ చౌరస్తాలో బండి ఆగిపోయినప్పుడు "అన్నా, ఈ ట్రాఫిక్‌కు సర్సీస్ ఎప్పుడు?" అనండి. సర్సీస్ అంటే ఉపశమనం. పో పెద్దమనిషి తన దుఃఖానికి దాన్ని పుస్తకాల్లో వెతుక్కున్నాడు. డ్రైవరు అద్దంలోంచి చూసి, "సర్వీసా? మొన్ననే చేపిచ్చిన సార్, ఆయిల్ గూడ మార్చిన" అంటాడు. నిరుత్సాహపడకండి. సంభాషణ మొదలైంది, ఆయనకూ మీకూ చెరో విషయం మీద పట్టుంది.

నా శిష్యుడొకడు పల్లాస్ బస్ట్ అంటే ఎయిర్‌పోర్టు పుష్పక్ బస్సు లాంటిదే అనుకుని, అరైవల్స్ బయట పల్లాస్ ఎక్కడ ఆగుతుందని అడిగాడు. "ఏ రూటుది బాబూ?" అని ఎదురడిగారట. నిజానికి పల్లాస్ అంటే గ్రీకుల జ్ఞానదేవత ఎథీనా. చదువరి గదికి తగినట్టుంటుందనీ, పాలరాతి తెలుపు మీద పిట్ట నలుపు తేలుతుందనీ, ఆ పేరు పలికితే మోగుతుందనీ పో ఏరి పెట్టుకున్నాడు. మావాడు మూడో కారణం ఒక్కటే పట్టుకున్నాడు. చాలు.

తలనొప్పి వస్తే మందుల షాపులో గిలియడ్ బామ్ అడగండి. ఇది బైబిల్లో యిర్మీయా గ్రంథం నుంచి వచ్చిన మాట. గిలియడ్ అనేది యోర్దాను నదికి తూర్పున కొండసీమ. బామ్ అంటే చెట్టు జిగురుతో చేసే లేపనం. నా బాధకు అక్కడి మందైనా ఉందా అని పద్యంలో ఆయన కాకిని అడుగుతాడు, కాకి మామూలుగానే లేదంటుంది. మన షాపతను అంత కఠినుడు కాదు. "అమృతాంజన్ ఉంది, చిన్నదా పెద్దదా?" అంటాడు. 1893లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు బొంబాయిలో తయారు చేసిన బామ్ అది. ఆ డబ్బుతోనే ఆంధ్రపత్రిక నడిచింది. తెలుగు పత్రికలకు ఉపశమనం నిజంగానే ఒక సీసాలోంచి వచ్చిందన్నమాట. షాపతను కాస్త వయసులో ఉన్నవాడైతే గిలియడ్ అనగానే "కరోనా మందా?" అని కూడా అడగొచ్చు. అడిగినా తప్పు లేదు. రెమ్‌డెసివిర్ తయారు చేసిన అమెరికా కంపెనీ గిలియడ్ తన పేరును ఆ బామ్ నుంచే పెట్టుకుంది, 2020 మే నెలలో ఆ మందును ఇక్కడ తయారు చేసేందుకు లైసెన్సు పొందినవాటిలో హైదరాబాద్ హెటిరో ఒకటి. ఇవన్నీ తెలుసుకుంటే మాట గుర్తుండిపోయే ప్రమాదముంది. మీరు శబ్దం దగ్గరే ఆగండి.

విమానాశ్రయం లోపల జాగా పెద్దది, అవకాశాలూ ఎక్కువే. గేటు దగ్గర టికెట్టు చూసే జవానుకు నడుం వంచి ఒబేసెన్స్ చేయండి. పద్యంలో పిట్ట లోపలికొచ్చేటప్పుడు అది కాస్తంతైనా చేయలేదు, మనం చేసి చూపిద్దాం. వెనక వరసలో ట్రాలీలు గుద్దుకుంటాయి, గుద్దుకోనివ్వండి. ఆయన ఠీవి మెచ్చుకోవాలనిపిస్తే "యువర్ మీన్" అని మొదలుపెట్టండి. మీన్ అంటే ముఖకవళిక, నిలువుతీరు. ఆయనకు మాత్రం నీచుడివి అన్నట్టే వినబడుతుంది. రెండింటి ఉచ్చారణ ఒకటే మరి! వాక్యం పూర్తయ్యేదాకా ఓపిక పట్టని శ్రోతలదే లోపం.

సంచిలో ఏముందని అడిగితే నెపెంథీ అనండి. హోమర్ కావ్యంలో హెలెన్ ద్రాక్షసారాలో కలిపి ఇచ్చే మందు అది, తాగితే దుఃఖమంతా మరుపు. ఇంత వివరంగా చెబితే పక్కకు తీసుకెళ్లి, కుర్చీ వేసి కూర్చోబెట్టి, పెద్ద అధికారిని పిలిపిస్తారు. పండితులకు ఇంత మర్యాద మరెక్కడ జరుగుతుంది? సంచిలో ఉన్నది అమ్మమ్మ పెట్టిన ఆవకాయేనని, టేపు చుట్టిన సీసా మూత వాళ్లే విప్పి తెలుసుకోనివ్వండి.

ఈ పద్ధతి మీద మా వీధిలో ఒక పెద్దాయనకు పేచీ ఉంది. ఆయన కుర్రతనమంతా పద్య నాటకాల వెంట తిరిగినవాడు. బలిజేపల్లి లక్ష్మీకాంతం 'సత్య హరిశ్చంద్రీయం' ఎక్కడాడినా కాటిసీను కోసం తెల్లవారుజాము దాకా కూర్చునేవాడట. జాషువా 'శ్మశానవాటి' పద్యాలను నటులు ఆ సీన్లో కలిపేసుకున్నారు, జనం వాటిని అందులోవే అనుకునేంతగా. మన భాషలో చితిమంటలూ గుడ్లగూబలూ పుర్రెలూ కావాలంటే అంతకు మించి ఎక్కడా వెతకనక్కర్లేదు. బడి ముఖం చూడని రైతులు ఆ సంస్కృత సమాసాలను తప్పు పోకుండా పాడేవారు. ఎలా? కట్టె భుజాన వేసుకుని కాటి కాపరిగా నిలబడ్డ రాజు ఎదురుగా ఉన్నాడు, కన్నకొడుకు శవంతో చంద్రమతి వస్తోంది. ఎంత పెద్ద సమాసమైనా ఆ మనిషి గొంతులోంచి వస్తే అర్థం వెనకే వచ్చేది. "పో రాసిందీ అట్లాగే చదవాలి నాయనా, ముందు ఆ రాత్రి, ఆ ఏడుపు పట్టుబడితే మాటలు వాటంతటవే వస్తాయి" అంటాడు పెద్దాయన. ఇంకో మాట కూడా అన్నాడు. ఆ రైతుల్లో ఒక్కడైనా తెల్లారి సంతలో వంకాయలు బేరమాడుతూ ఆ సమాసం వాడలేదట.

నాకు నచ్చనిది సరిగ్గా ఇదే. ఉన్న మాటను దాచుకోవడం పిసినారితనం. పైగా ఆ ప్రేక్షకుల ఇంగ్లిష్ ఎంతటిదో చూడండి. పద్యం బాగుంటే హరిశ్చంద్రుడి చేత మళ్లీ పాడించడానికి వాళ్లకు తెలిసిన ముక్క 'వన్స్‌మోర్' ఒక్కటే. కాకి మాటకు సరిగ్గా విరుగుడు. ఆ ఒక్క మాటతో తెల్లవారేదాకా నడిపించుకున్నారు, రెండో మాట నేర్చుకునే ఊసే లేదు.

చివరి మెట్టు నానక్‌రామ్‌గూడ, అమెరికా కాన్సులేట్. మాట్లాడించేది రెండు మూడు నిమిషాలే, కాబట్టి బరువైనవి ముందే దింపేయాలి. ఇక్కడి ఎండ గురించో మీ ఊరి రాత్రుల గురించో ఎత్తి ప్లుటోనియన్ అనండి. పాతాళానికి అధిపతి ప్లూటో పేరు మీద పుట్టిన మాట అది, కటిక చీకటి అని భావం. ప్లుటోనియం కనిపెట్టడానికి దాదాపు వందేళ్ల ముందే పో దాన్ని వాడేశాడు. అద్దం అవతలి ఆఫీసరుకు మాత్రం మొదట గుర్తొచ్చేది అణుబాంబే. ఫారంలో కంప్యూటర్ సైన్స్ అని రాసి, నోటితో ప్లుటోనియం లాంటిదేదో అన్న కుర్రాణ్ని ఆయన అంత తేలిగ్గా మర్చిపోలేడు.

తర్వాత అసలు ప్రశ్న వస్తుంది. చదువయ్యాక ఇండియాకు తిరిగొస్తావా? చట్టం ప్రకారం వాళ్లు ప్రతి విద్యార్థినీ అక్కడే ఉండిపోయేవాడిగానే ముందు లెక్కేస్తారు, కాదని చూపించాల్సింది మీరు. ఇన్నాళ్ల సాధనకు ఇదే ఫలం. గొంతు కాస్త బొంగురు చేసి, 'ఓ' దీర్ఘం చక్కగా లాగి, చివర 'ర్' నిలిపి, 'నెవర్‌మోర్' అనండి. ఆఫీసరు ఒక కాగితం అందిస్తాడు. దాని మీద 214(బి), అంటే వీసా నిరాకరణ, అని ఉంటుంది. అందుకునేటప్పుడు ఒబేసెన్స్ మరవకండి. 'థాంక్యూ' మాత్రం అనకండి, అది అందరికీ అర్థమవుతుంది.