ఫైనల్ తాత

మాస్కో నుంచి తూర్పుకి ఎలక్ట్రిక్ రైల్లో దాదాపు 90 కిలోమీటర్లు వెళ్తే, క్ల్యాజ్మా నది ఒడ్డున ఒరేఖొవో-జూయెవో అని బట్టల మిల్లుల ఊరొకటి వస్తుంది. ఆ ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు పేరు జ్నామ్య త్రుదా. శ్రమ పతాకం అన్నమాట. పేరు గంభీరమే, ఆట మాత్రం దిగువ డివిజన్లలో. మ్యాచ్ ఉన్న రోజు స్టాండులో బెంచీకొకరు చొప్పున మన తాత కనిపిస్తాడు. ముఖాలే వేరు, మెడలో మఫ్లరూ, జేబునిండా పొద్దుతిరుగుడు గింజలూ, చెప్పే కథా ఒకటే.

పక్కన కొత్తవాడు కూచున్నాడంటే తాతకి పండగ. "ఇది దేశంలోకెల్లా పాత క్లబ్బు నాయనా, 1909!" అని ఎత్తుకుంటాడు. అవతలివాళ్ళు మొదటి గోలు కొట్టేసరికి తాత ఇంకా 1910లోనే ఉంటాడు. 1910, 11, 12, 13, వరసగా నాలుగేళ్ళు మాస్కో చాంపియన్లు వీళ్ళే. ఏ ఏడాదికీ అన్యాయం జరగకూడదు కదా. మా తాతలు నేతులు తాగారనే బాపతు మనుషులు మన ఊళ్ళలోనూ ఉన్నారు గానీ, వాళ్ళు మూతి వాసన చూపించి ఊరుకుంటారు. ఈయన నెయ్యి ఏ కొట్లో కొన్నారో కూడా చెప్పందే వదలడు.

కథ మాత్రం మంచిదే, ఒప్పుకోవాలి. ఈ ఊరి మిల్లుల యజమానులు మరొజోవులు. వాళ్ళ మిల్లులకి యంత్రాలు ఇంగ్లండులోని లాంకషైర్ నుంచి వచ్చేవి, వాటిని నడిపే మేనేజర్లూ అక్కణ్ణుంచే. చార్నాక్ కుటుంబం అలా వచ్చిందే. ఆదివారం వోద్కాలో మునిగే కూలీలని గట్టెక్కించడానికి హ్యారీ చార్నాక్ వాళ్ళ కాళ్ళ ముందు బంతి పడేశాడు. క్లెమెంట్ చార్నాక్ తన అభిమాన జట్టు బ్లాక్‌బర్న్ రోవర్స్ రంగుల్లో, నీలం తెలుపు చొక్కాలు తెప్పించాడట. బూట్లు కొనడానికి డబ్బు చాలక కూలీల సొంత బూట్లకే మిల్లులో స్టడ్లు కొట్టించారట. ఇంజనీర్లు కావాలని ఇంగ్లండు పత్రికలో వేసిన ప్రకటనలో, ఫుట్‌బాల్ బాగా ఆడగలిగి ఉండాలని షరతు కూడా పెట్టారని చెబుతారు. ఇంతా చేస్తే వోద్కా మానారా అంటే, తాత థర్మాస్ మూత తీసినప్పుడు పక్కన ఉన్నవాళ్ళే చెప్పాలి. వెనెదిక్త్ యెరొఫేయెవ్ తన 'మస్క్వా–పెతుష్కీ' నవలలోని తాగుబోతుని ఎక్కించిన రైలు ఈ ఊరి మీదుగా పోయేదే.

బ్రూస్ లాకార్ట్ దగ్గరికొచ్చేసరికి తాత గొంతు తగ్గిస్తాడు. 1918లో బోల్షివిక్కుల రహస్య పోలీసు, చేకా, పట్టుకున్న బ్రిటిష్ ఏజెంటు ఆయన. అంతకుముందు, 1912లో, ఈ జట్టు తరఫున ఆడానని జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. నూరేళ్ళు దాటినా తాత అటూ ఇటూ చూసుకుని గాని ఆ పేరెత్తడు. బాగా ఆడేవాడా అని అడిగితే, "గూఢచారి కదా, ఎవరికీ కనపడకుండా ఆడేవాడు" అంటాడు.

తాతకి ప్రత్యర్థి ఎవరనుకున్నారు? ఎదురుగా ఆడుతున్న జట్టు కాదు, పీటర్స్‌బర్గ్ నగరం. 1897 అక్టోబర్ 24న వసీల్యెవ్‌స్కీ దీవిలో జరిగిన మ్యాచ్‌తోనే రష్యాలో ఫుట్‌బాల్ పుట్టిందని వాళ్ళంటారు. మా చార్నాక్ 1887లోనే బంతి తన్నించాడని ఈయనంటాడు. "పైగా పాత క్యాలెండర్లో అది అక్టోబర్ 12. తేదీ మీదే నిలబడనివాళ్ళ మాట నమ్ముతావా?" 1912 ఒలింపిక్స్‌లో రష్యా జర్మనీ చేతిలో 0-16తో ఓడిపోయింది కదా తాతా అంటే, అదీ పీటర్స్‌బర్గ్ వాళ్ళ నిర్వాకమే.

క్లబ్బు పేర్లు చాలాసార్లు మారాయి. ఎర్ర జెండా అన్నారు, శ్రమ పతాకం అన్నారు. తాతకి ఏ జెండా అయినా అభ్యంతరం లేదు. సోవియట్ యూనియన్ పోయాక 1990ల మొదట్లో ఓ మహానుభావుడికి ఏం తోచిందో, జట్టుకి 'ఖీత్రియె లీసి' అని పెట్టారు, అంటే జిత్తులమారి నక్కలు. ఆ రోజుల సంగతి కదిపి చూడండి. "అప్పుడు నేను తోటలో ఆలుగడ్డలు తవ్వుకుంటున్నా" అంటాడు. ఆలుగడ్డల దగ్గర నిజం కొంత ఉంది. వసంతం రాగానే మ్యాచ్‌లూ మొదలవుతాయి, ఊరవతల 'దాచా' తోటలో ఆలుగడ్డలు నాటడమూ మొదలవుతుంది. తాత మ్యాచ్‌కి బయల్దేరాడంటే బామ్మ ఒక్కతే చాళ్ళు తీస్తోందని అర్థం.

ఇంతవరకూ నాందీ ప్రస్తావనే. అసలు నాటకం 1962. అప్పుడు వీళ్ళు 'బి' క్లాసు జట్టు. టాప్ లీగ్ గడప తొక్కని ఆ మిల్లు ఊరి జట్టు సోవియట్ కప్‌లో ఒక్కో మెట్టూ ఎక్కి, మాస్కో లెనిన్ స్టేడియంలో ఫైనల్ దాకా వచ్చింది. ఎదుట ముందటేడు కప్పు గెలిచిన దొనెత్స్క్ షఖ్త్యోర్. ఇక్కడ తాత బెంచీ మీద గింజలు పేరుస్తాడు. నల్లవి మనవాళ్ళు, చారలవి షఖ్త్యోర్. థర్మాస్ మూత గోల్‌కీపర్. కథ ఊపందుకున్నాక పరధ్యానంలో షఖ్త్యోర్ డిఫెండర్ని ఒకణ్ణి నోట్లో వేసుకుంటాడు. అయినా కొత్తవాడి నోరు ఊరుకోదు.

"చివరికి స్కోరెంత తాతా?"

"వాళ్ళు రెండు."

"మీరు?"

"మేం ఫైనల్!"

అని లేచి నిలబడి, మైదానం వైపు చూడకుండానే "రిఫరీని సబ్బు చెయ్యండి!" అని అరుస్తాడు. రష్యా స్టాండుల్లో అది పాత ఆనవాయితీ కేకే. ఈయన సబ్బు చెయ్యమనేది ఇవాళ్టి రిఫరీనో, 1962 నాటి రిఫరీనో ఆ కేకలో తేల్చుకోవడం కష్టం.

ఏటేటా గెలిచే జట్ల అభిమానుల దగ్గర ఇంత సరుకు దొరకదని నా నమ్మకం. పోయినేటి కప్పుని ఈ ఏటి కప్పు తుడిచేస్తుంటే వాళ్ళకి గుర్తుండేదేముంది? తాతకా బెంగ లేదు. బెంగల్లా ఇంట్లోనే. కొడుకు మాస్కో స్పార్తక్ మనిషి. మనవడు మాంచెస్టర్ సిటీ చొక్కా వేసుకుని తాత పక్కనే ఫోన్లో ఇంకో మ్యాచ్ చూస్తుంటాడు. తాత ఆ తెరలోకి తొంగిచూసి పెదవి విరుస్తాడు. "పర్లేదు, ఆడుతున్నారు. చార్నాక్‌లు ఇక్కణ్ణుంచి తిరిగెళ్ళి నేర్పుంటారు."

ఇంతలో ఆట అయిపోతుంది. మూడు గోల్స్ తేడాతో ఓటమి. కొత్తవాడు మర్యాద కోసం అడుగుతాడు, "ఇవాళ్టి ఆట మీద మీరేమంటారు తాతా?"

తాత మూత బిగించి, ఒళ్ళో గింజల పొట్టు దులుపుకుంటూ లేస్తాడు.

"అప్పుడే ఏం తొందర నాయనా! ఓ అరవై ఏళ్ళు ఊరనీ."