రెండో వాకిలి సారు

మండల కేంద్రమన్నాక ఒక ఎమ్మార్వో ఆఫీసు, ఒక బ్యాంకు, ఇల్లు కట్టుకునేవాళ్లకు అడక్కుండానే సలహా చెప్పే ఒక రిటైర్డ్ సారు ఉండి తీరాలి. మొదటి రెండింటికీ ఆదివారం సెలవు. మూడోదానికి సెలవంటూ లేదు. విడపనకల్లులో ఆ మూడో పదవిలో ఉన్నది రెండో వాకిలి సారు. ఆయన అసలు పేరు పింఛను కాగితాల్లో ఉంది. ఊళ్లో దానితో ఎవరికీ పనిపడలేదు.

మనిషి సన్నం, గొంతు లావు. హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పిన గొంతు గనక ఎదుట ఒక్కడే ఉన్నా వెనక బెంచీకి వినపడేట్టు మాట్లాడతాడు. చొక్కా జేబులో నోటుబుక్కు, ప్యాంటు జేబులో కొలతల టేపు. ఎవరింటికి పోయినా మనుషుల కంటే ముందు ద్వారబంధాన్ని పలకరిస్తాడు. బొటనవేలితో చెక్కను నొక్కుతాడు, బందులు ఊపి చూస్తాడు, తలుపు కింద సందులో రెండు వేళ్లు దూర్చి అక్కడే కూలబడతాడు. "ఇంత సందు పెట్టుకోని నిద్రెట్ల పోతాండారప్పా? తేలు ఒంటిగా రాదు, పెండ్లాం బిడ్డల్ని పిలుచుకోని వస్తాది" అంటాడు. ఇంటావిడ కాఫీ తెచ్చేలోపల ఆ ఇంటికి రెండో వాకిలి కొలతలు నోటుబుక్కులోకి ఎక్కిపోయుంటాయి.

ఈ జబ్బు ఆయనకు అమెరికాలో అంటుకుంది. కూతురుండేది మినియాపొలిస్‌లో. అమెరికా పోయొచ్చిన తల్లిదండ్రులు బాదంపప్పు తెస్తారు, విటమిన్ మాత్రలు తెస్తారు, నయాగరా ముందర స్వెటర్లు వేసుకుని దిగిన ఫొటో తెస్తారు. సారు ఒక సిద్ధాంతం తెచ్చాడు. అక్కడ ఇంటి పెద్ద తలుపుకు బయటివైపు ఇంకో తలుపుంటుంది. దాన్ని స్టార్మ్ డోర్ అంటారు. అల్యూమినియం చట్రం, చలికాలం అద్దం, ఎండాకాలం అద్దం తీసి జాలీ. మంచూ వానా ఆ బయటి తలుపు మీదనే పడి, లోపలి చెక్క పదికాలాలు ఉంటుంది. రెండు తలుపుల నడుమ నిలిచిన గాలి వేడిని తొందరగా బయటికి పోనివ్వదు. తీసి వదిలితే పంపు స్ప్రింగుతో మెల్లగా తనే మూసుకుంటుంది. సారు అల్లుడింట్లో ఆ తలుపు ముందర కుర్చీ వేసుకుని కూర్చున్నంతసేపు నయాగరా ముందర కూర్చోలేదని కూతురే చెప్పింది.

తిరిగొచ్చిన మరుసటి పొద్దున ఉగ్గాని బజ్జీల అంగడి దగ్గర సారు ప్రకటించాడు. "ప్రతి ఇంటికీ తుఫాను తలుపు పెట్టాల."

అంగడి కాసేపు నిశ్శబ్దమైంది. ఏడాదంతా కలిపి 550 మిల్లీమీటర్లు పడితే మంచి ఏడని చెప్పుకునే జిల్లా ఇది. బంగాళాఖాతంలో వాయుగుండం పడిందని వార్తల్లో వింటే కోస్తావాళ్లు బెదురుతారు, ఇక్కడ పప్పుశనగ వేసిన రైతు టీవీ సౌండు పెంచుతాడు. అందుకే నల్లరేగడి రైతు ఒకాయన బజ్జీ కింద పెట్టి నిదానంగా అడిగాడు. "తుఫాను వస్తే కాళ్లకు నీళ్లిచ్చి లోపలికి పిలుచుకోవాల గానీ, మొగం మీద వాకిలి వేస్తామా సారూ?"

సారు తగ్గే మనిషి కాదు. తుఫానంటే నీళ్లతోనే రావాలా, గాలితో రాదా అన్నాడు. ఆ మాటలో అబద్ధం లేదు. ఆషాఢం వచ్చిందంటే ఈ మెట్టసీమలో గాలి ఒకటే పని మీద ఉంటుంది. పడమటి కనుమలు వాన అంతా అక్కడే దింపుకుని, గాలిని మాత్రం ఇటు తోలతాయి. పక్కన కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల్లో వేదవతి ఇసుక ఆ గాలికి లేచి పొలాల మీద మేటలు వేస్తుంది. దర్గా హొన్నూరు దగ్గర ఆ ఇసుకదిబ్బలు చూసినవాడు ఇది ఆంధ్రప్రదేశేనా అని ఒకసారి అడుగుతాడు. "వజ్రకరూరు, బెళుగుప్ప పక్క గాలిమరలు ఊరికే నాటలేదప్పా" అని సారు టేపు పైకెత్తి చూపించాడు. "ఆ గాలికి కరెంటు పుడుతుంటే, మీ ఇండ్లల్లో దుమ్ము పుడుతాండాది."

మాటలు చాలవని సారు ముందు తన ఇంటికే బిగించాడు, అచ్చం అల్లుడింట్లో మాదిరి, నిలువెత్తు అద్దంతో. ఇల్లు పడమటి ముఖం. మే నెల, బయట 42 డిగ్రీలు. మధ్యాహ్నం మూడింటి ఎండ అద్దంలోంచి దూరి, రెండు తలుపుల నడుమ చిక్కుకుని, బయటికి దారిలేక టేకు తలుపు మీద పడింది. వారంలో వార్నీషు బొబ్బలెక్కింది. ఆయన భార్యకు మాత్రం ఆ సందు ఎంతో నచ్చింది. చల్లలో ఊరేసిన మిరపకాయలు దారానికి గుచ్చి అందులో వేలాడదీసింది. దుమ్ము పడలేదు, కాకి ముట్టలేదు, రెండు రోజుల్లో గలగలమన్నాయి. దినంలో కొన్ని గంటలకు మించి నేరుగా ఎండ తగిలే తలుపుకు అద్దం స్టార్మ్ డోర్ పెట్టొద్దని అమెరికా ఇంధన శాఖే చెబుతుందని కూతురు ఫోనులో చదివి వినిపించింది. తలుపు కొత్తదై, వేడిని ఆపేదైతే ఇంకోటి పెట్టడం డబ్బు దండగని కూడా చదవబోయింది. అక్కడ సిగ్నల్ పోయిందన్నాడు సారు.

అద్దం అటక ఎక్కింది. జాలీ వచ్చింది. దాంతో చరిత్ర కూడా వచ్చింది. 1861లో అమెరికాలో జల్లెడలకు తీగల వల నేసే ఒక కంపెనీ, ఆ వలకే రంగు పూసి కిటికీలకు అమ్మిందని సారు చెప్పినప్పటి నుంచి ఊళ్లో ఆ తలుపును జల్లెడ వాకిలి అంటున్నారు. గుంతకల్లు నుంచి వచ్చిన రైల్వే బంధువు దొరికితే పాఠం ఇంకా పొడుగు. 1897లో సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసింది మొదలు, 1899లో ఇటలీలో ఆంజెలో చెల్లి రైల్వే ఉద్యోగుల ఇండ్లకు జాలీలు కొట్టించి జ్వరాలు తగ్గించిన దాకా చెప్పి గానీ బంధువును రైలెక్కనివ్వడు.

సారును వెక్కిరించడం తేలిక, ఆయన వాదంలో బలం లేదనడం కష్టం. పాత మిద్దెలకు రెండో వాకిలి అక్కర్లేకపోయింది. రాతి గోడలు మందం, వాకిలి పొట్టి, పైన చవుడు మట్టి, వెలుతురుకు గవాక్షి. గడప ఎంత ఎత్తంటే తేలు ఎక్కాలన్నా ఆలోచించాలి. వాటిని పడగొట్టి కట్టిన సిమెంటు ఇండ్లకు గోడ పలచన, తలుపు పెద్దది, టైల్సు మీద గడప పేరుకే ఉంటుంది. తీస్తే కుక్క, మూస్తే ఉక్క.

అన్నిటికంటే చిక్కు దీపాల వేళది. ఆ వేళకు లక్ష్మి వస్తుందని ఇంటింటా వాకిలి బార్లా తీస్తారు. దోమలు వచ్చేదీ సరిగ్గా ఆ వేళకే. తరతరాలుగా మన ఆడవాళ్లు ఒకరికోసం తీసిన వాకిట్లో ఇంకొకరిని చీరకొంగుతో తోలుతూ నిలబడ్డారు. చిల్లు మిల్లీమీటరున్నర దాటని జాలీ ఈ తగవు తీర్చేసింది. లక్ష్మికి అడ్డం కాదా అని ఒక ముసలామె అడిగితే, "గాలి దూరేచోట దేవత దూరదా అమ్మా?" అన్నాడు సారు. అదే జాలీ దోమను ఆపుతుంది గానీ దుమ్మును జల్లించి సన్నటిది లోపలికి పంపుతుందని పొద్దున్నే కసువు ఊడ్చే ఆయన భార్యకు తెలుసు. ఆమె ఆ మాట అంగడి దాకా పోనివ్వలేదు.

వాస్తు దగ్గర మాత్రం సారుకు గట్టి పరీక్షే ఎదురైంది. బస్టాండు వెనక ఒకాయన కొత్తిల్లు కడుతుంటే, ఉరవకొండ నుంచి వచ్చిన సిద్ధాంతి వాకిళ్లు సరిసంఖ్యలో ఉండాలన్నాడు. లెక్కిస్తే ఎనిమిది. జాలీతో తొమ్మిది.

"జాలీ వాకిలి కాదు స్వామీ, నిలబడిన కిటికీ" అన్నాడు సారు.

"మనిషి దూరేదంతా వాకిలే."

"అట్లయితే పెరటివైపు ఇంకోటి పెడతాం. పది."

"చివర సున్న రాకూడదు."

సారు నోటుబుక్కు తీశాడు. పదకొండు బేసి. పన్నెండు సరి, చివర సున్న లేదు. "నాలుగు జాలీలు పెడితే శాస్త్రానికి శాస్త్రం, గాలికి గాలి" అని లేచి నిలబడ్డాడు. ఇంటాయన మాత్రం రాత్రికి రాత్రి స్టోరు రూము తలుపు పీకించి కర్టెన్ వేలాడదీశాడు. ఎనిమిదికి ఎనిమిది. ఆ కర్టెన్ వైపు సారు ఇప్పటికీ చూడడు.

ఇలా ఒక్కో ఇంటికీ తిరిగి, వెల్డింగు అంగడి దగ్గర నిలబడి చట్రాలు కోయించి, స్క్రూలు తనే బిగించి, బయటికి తెరుచుకునే ఆ తలుపు గాలికి పెడేలున తెరుచుకుని పాలామె చెంబు ఎగరగొడితే కొత్త చెంబు కొనిచ్చి, సారు వీధికి వీధిని జాలీమయం చేశాడు. ఫలితాలు కనబడుతున్నాయి. వాకిలి తీసి ఉంచడం మర్యాద, మూయడం అవమానం అనుకునే ఊళ్లో తీసీ తీయని, మూసీ మూయని వాకిలి వచ్చి పడింది. చీటీల డబ్బుకు వచ్చినాయనకు లోపలి మనిషి నీడలాగే కనిపిస్తాడు, తేల్చుకోలేక వెళ్లిపోతాడు. ఓట్లకు వచ్చినవాళ్లు జాలీకి దండం పెట్టి పోతారు. ఎవరినీ పొమ్మననక్కర్లేదు, రమ్మననూ అక్కర్లేదు.

ఇంతకు ముందు సారు ఏ ఇంటికి పోయినా నేరుగా నడిపట్లోకి పోయి కూర్చుని కాఫీ తాగేవాడు. ఇప్పుడు మెట్ల మీదే నిలబడతాడు. లోపల నుంచి "చెప్పండి సారూ" అని వినిపిస్తుంది, గొళ్లెం చప్పుడు మాత్రం వినిపించదు. ఆయన దానికేమీ నొచ్చుకోడు. నిలబడ్డ చోటినుంచే బందులకు నూనె వేశారో లేదో చూస్తాడు.

మొన్న ఒకింటి ముందర అట్లే నిలబడి అడిగాడు. "ఏమ్మా, దోమలు వస్తాండాయా?"

"లేదు సారూ."

"కుక్క?"

"రాల్యా."

"ఇంగేమన్నా వస్తాండాయా?"

"మీ మాటలొకటి వస్తాండాయి సారూ. వాటిగ్గూడా ఏమన్నా దొరుకుతాదేమో సూడండి."

సారు జేబులోంచి నోటుబుక్కు తీసి, ఆ ఇంటి కొలతల పక్కన శ్రద్ధగా రాసుకున్నాడు: "వీళ్లకు అద్దంది కావాలంట."