సీమచింత కేకకు సలక్షణ వ్యాఖ్య

మూలము: "సీమచింతకాయలోయ్! తియ్యనివి, వాటా పది, పుచ్చుల్లేవమ్మా!"

అవతారిక: ఫాల్గుణ మాసపు మిట్టమధ్యాహ్నం, బస్టాండు గేటు పక్కన, గోనెపట్టా మీద కాయలు కుప్పలు పోసి ఒక అవ్వ పలికిన వాక్యమిది.

టీక: సీమ = పరదేశం. రాయలసీమ అని అర్థం చెప్పినవారిది స్వప్రాంతాభిమానం. ఈ చెట్టు పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా. స్పెయిన్ ఓడలెక్కి మనీలా చేరింది కనుక ఇంగ్లీషువాళ్లకు మనీలా చింత అయింది. 'చీమచింత' అనే పాఠాంతరం బడిపిల్లల నోళ్లలో విరివిగా వినబడుతుంది. రసవత్తరమే గాని అపపాఠం.

చింత = ఇక్కడ పూర్వపక్షం. పులుపు లేదు, ఆకు పోలదు, పైగా కొమ్మకు జంట ముళ్లు. చింత ఎలా అవుతుంది? కాయలో గింజలు, గింజల చుట్టూ గుజ్జు ఉన్నాయి కదా, ఆ పోలికతో సరిపెట్టుకోవాలి. ఇంతకూ అసలు చింత మాత్రం ఈ నేలదా? దాని పుట్టిల్లు ఆఫ్రికా! అరబ్బులు దాన్ని 'హింద్ ఖర్జూరం' అనేసరికి మనదే అయి కూర్చుంది. ముందొచ్చిన చెవులు వెనకొచ్చిన కొమ్ముల్ని 'సీమవి' అన్నాయన్నమాట.

కాయలు = లక్ష్యార్థం. తినేది కాయనూ కాదు, గింజనూ కాదు. గింజకు తెల్లగానో గులాబిగానో పట్టిన గుజ్జును. గింజ పిల్లల సొత్తు. నల్లటి పైపొరను గోటితో గిల్లి తీయాలి, లోపలి గోధుమరంగు పొర చిట్లకూడదు. ఈ వ్యాఖ్యాతకు ఏనాడూ కుదరలేదు.

తియ్యనివి = దీనికి శాస్త్రప్రమాణం ఉంది. సామర్లకోటలో తోట పెంచిన విలియం రాక్స్‌బర్గ్ దీన్ని 'మిమోసా డల్సిస్' అన్నాడు. డల్సిస్ అంటే లాటిన్‌లో తియ్యనిది. 1844లో వృక్షశాస్త్రవేత్త బెంథామ్ ఇంటిపేరు మార్చి 'పితసెల్లోబియం' చేశాడు. గ్రీకులో కోతి చెవిపోగు. మెలికలు తిరిగిన కాయను చూస్తే ఆయన్ని తప్పుపట్టలేం. ఇంటిపేరు మారినా తీపి మాత్రం పేరులో నిలిచింది. వగరు సంగతి ఇద్దరూ దాచారు. గబగబా నాలుగు మింగితే గొంతు పట్టేస్తుంది. అవ్వ కూడా ఈ విషయంలో పండితుల పక్షమే.

వాటా = అవ్వ గుప్పెడు. పది = రూపాయలు.

పుచ్చుల్లేవ్ = మూడో కాయలో పురుగు దొరికింది. చూపిస్తే అవ్వ మరో రెండు కాయలు కొసరు వేసింది. మూలంలో కొసరు ప్రస్తావన లేదు, ప్రక్షిప్తమై ఉండాలి.