రిబ్బన్‌కు సరిపడా నవల

సరే, మన నాయకులూ అధికారులూ బొకేలు వద్దన్నారు. శాలువాలూ వద్దన్నారు. కలవడానికి వచ్చేవాళ్లు పుస్తకాలు తెండి, లేదంటే నోట్‌బుక్కులు, పెన్నులు తెండి అన్నారు. పేపర్లో మీరూ చూశారు, వాట్సాప్‌లో నాలుగు గ్రూపుల్లో చదివారు. కొత్తగా కుర్చీ ఎక్కిన ప్రతి పెద్దమనిషీ, ప్రతి జనవరి ఒకటికీ అనే మాటే. 2017 జూన్‌లో ప్రధానమంత్రి 'మన్ కీ బాత్'లో పూలగుత్తికి బదులు పుస్తకం ఇవ్వమన్నాక ఇంకాస్త ఊపందుకుంది. మంచి మాట కాదని ఎవరనగలరు? అన్నవాడు పుస్తకద్రోహి.

చిక్కల్లా ఏమిటంటే, మా మెదక్‌లో ఒక మనిషి ఈ మాటను నిజంగానే పట్టించుకుంది. ఆమె నవలలు రాస్తుంది. మేమంతా అక్క అంటాం. కిందటి నవల తనే అచ్చేయించుకుంది. అమ్ముడుపోని కట్టలు ఇప్పటికీ మంచం కింద ఉన్నాయి. తర్వాత ఏం రాయాలా అని మూడు కథలు ముందేసుకుని కూర్చున్న వేళ ఈ ప్రకటన వచ్చింది. ఇన్నాళ్లూ కొనేవాడు దొరకలేదనుకుంది. కొనేవాడు దొరికాడు, చదివేవాడు దొరకాల్సిన పనే లేదు. ఇక నవల రాయాల్సింది పాఠకుడి కోసం కాదు, బొకే స్థానం కోసం.

ఈ విషయంలో సలహా ఇవ్వగల విమర్శకుడు ఊళ్లో ఒక్కడే. రాందాస్ చౌరస్తా దగ్గర బొకేలు కట్టే పిల్లగాడు. నాలుగు జెర్బెరాలు, రెండు పచ్చాకులు, చుట్టూ జాలీగుడ్డ, దానిపైన గలగలలాడే ప్లాస్టిక్ కాగితం. చివర్లో ఎర్ర రిబ్బన్ బిగించి, కొసను కత్తెర అంచుతో ఒక్క లాగు లాగితే అది ఉంగరాలు తిరుగుతుంది. సీసాతో రెండు చిమ్ములు నీళ్లు. "ఒక్క పూట ఆగితె సాలక్కా, ఫొటో దిగెదాంక" అంటాడు. సాహిత్య ప్రయోజనం గురించి ఇంత సూటిగా చెప్పినవాళ్లను నేను చూడలేదు.

ముందు కొలతలు తేల్చాడు. క్రౌన్ సైజు పనికిరాదు, చేతుల్లో మాయమైపోతుంది. డెమ్మీ అయితే నాలుగు చేతులు పడతాయి: ఇచ్చేవాడివి రెండు, పుచ్చుకునేవాడివి రెండు. కానీ మన దగ్గర ఒక్క బొకేను పదిమంది పట్టుకుని ఫొటో దిగుతారు. ఆ లెక్కన నవల అడుగున్నర వెడల్పు ఉండాలి. లావు ఉండాలి, బరువు ఉండకూడదు. అట్ట మెరవాలి, ఫ్లాష్ కొడితే పేరు కనపడాలి. "మొఖానికి అడ్డం రావొద్దక్కా, గది ముఖ్యం."

తర్వాత కథావస్తువు. అక్క మొదటి కథ చర్చిది. 1914లో మొదలై 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరిగిన మన చర్చి. కరువులో జనం మలమల మాడుతుంటే మిషనరీ పోస్నెట్ దొర పని పెట్టి, కూలి కింద తిండి పెట్టి కట్టించినది. ఆ రాళ్లు మోసిన ఒక తల్లి కథ రాయాలని అక్కకు ఎన్నాళ్లనుంచో ఉంది. పిల్లగాడు ఎగిరి గంతేశాడు. శిఖరం బొమ్మ బంగారు రంగులో వేస్తే అట్టకు తిరుగుండదు. కాకపోతే లోపల ఆకలి ఎందుకు? కొత్త సంవత్సరం పూట కరువు పుస్తకం చేతిలో పెడితే అపశకునం. చర్చిని ఉంచి కూలీలను తీసెయ్యమన్నాడు.

రెండోది మంజీర కథ. సింగూరు గేట్లు ఎప్పుడు ఎత్తుతారా అని ఎదురుచూసే ఘనపూర్ ఆనకట్ట కింది రైతు. పిల్లగాడు సగంలోనే ఆపాడు. "నీళ్లిడువమని నీళ్లిడిసెటోళ్లకే ఇస్తవా? అది నవల గాదక్కా, దరఖాస్తు. సోమారం ప్రజావాణిల ఇయ్యాలె."

మూడోది బీడీలు చుట్టే ఆడవాళ్లది. దీనికి చట్టమే అడ్డం. పొగాకు సరుకు పెట్టెల మీద 85 శాతం హెచ్చరికే ఉండాలని 2016 నుంచి నిబంధన. ఆ పద్ధతి నవలకూ పట్టిస్తే మిగిలిన 15 శాతంలో నవల పేరు, అక్క పేరు, రిబ్బన్ ముడి ఇమడాలి. ఇమడవు.

మూడు కథలూ పోయాయి. అప్పుడు అక్కకు జ్ఞానోదయమైంది. ప్రకటనను మళ్లీ చదివింది. పుస్తకం, నోట్‌బుక్కు ఒకే వరసలో ఉన్నాయి. అంటే అచ్చయిన పేజీకీ తెల్లపేజీకీ ఇచ్చే చోట తేడా లేదు. పుచ్చుకున్నాక మాత్రం ఉంది. నోట్‌బుక్కులు హాస్టళ్లకు పోతాయి, పిల్లలు లెక్కలు చేసుకుంటారు. నవల మీద లెక్కలెలా చేస్తారు? అక్షరాలు అడ్డమొస్తాయి. కాబట్టి అన్ని విధాలా ఉత్తమమైన తెలుగు నవల తెల్ల నవల.

అక్క కొత్త ప్రాజెక్టు ఖరారైంది. పేరు 'శుభాకాంక్షలు'. మొదటి పేజీలో "గౌరవనీయులైన" అని, చుక్కల గీత, ఆపైన "గారికి". మిగతా 199 పేజీలు రూళ్లు. ప్రూఫులు దిద్దే బాధ లేదు, ఎవరి మనోభావాలూ దెబ్బతినవు. సమీక్షకులు మార్జిన్ విశాలంగా ఉందని మెచ్చుకోవచ్చు. అన్నిటికన్నా గొప్ప సంగతి మలిముద్రణ. పాఠకుల ఆదరణ కోసం ఎదురుచూడక్కర్లేదు, బదిలీ ఉత్తర్వులు వస్తే చాలు. పాత సారుకు వీడ్కోలు ఒక ముద్రణ, కొత్త సారుకు స్వాగతం ఇంకో ముద్రణ.

అక్క ఇదంతా చెప్పి నవ్వలేదు. లోపలికి వెళ్లి ఇంటి పన్ను రసీదు తెచ్చి నా చేతిలో పెట్టింది. మీ ఇంట్లోదీ తీసి చూడండి. అందులో గ్రంథాలయ పన్ను ఉంటుంది. 1960 నాటి చట్టం ప్రకారం రూపాయి ఇంటి పన్ను మీద ఎనిమిది పైసలు పుస్తకాల కోసం, గ్రంథాలయాల కోసం కడుతున్నాం. మూడంతస్తుల మేడవాడూ కడతాడు, రేకుల ఇంట్లో బీడీలు చుట్టే ఆమె కూడా కడుతుంది. ఏ నవలకు పనికిరాదన్నామే, ఆమే. వసూలు చేసిన మున్సిపాలిటీలు, పంచాయతీలు ఆ డబ్బును జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. రాష్ట్రమంతటా అది జమ కాక బకాయిలు పేరుకుపోతున్నాయని ఏడాదికేడాది చదువుతూనే ఉన్నాం. ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలు పుస్తకాలు ఇంటినుంచి మోసుకొచ్చి లైబ్రరీ కుర్చీల్లో కూర్చుంటున్నారు. టిఫిన్ డబ్బా వాళ్లదే, పుస్తకమూ వాళ్లదే.

లైబ్రరీల కోసం మనవాళ్లు ఒకప్పుడు పడ్డ పాట్లు గుర్తు చేసుకోండి. 1930లో మన పాత మెదక్ జిల్లా జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. సభ పెట్టుకోవాలంటే నిజాం సర్కారు అనుమతి కావాల్సిన రోజులవి. ఆ తరం వాళ్లు చందాలు పోగేసి, అనుమానపు చూపులు భరించి గ్రంథాలయాలు నిలబెట్టారు. ఇప్పుడు చందా అడగక్కర్లేదు, పన్ను చట్టమే ఉంది, జనం కడుతూనే ఉన్నారు. కట్టిన డబ్బు పుస్తకంగా మారి అలమరలోకి రావడం లేదు. వచ్చి ఉంటే జిల్లాకు నాలుగు చోట్ల అక్క నవల కొనేవాళ్లు, రాళ్లు మోసిన తల్లి కథ ఈపాటికి అచ్చయ్యేది, బీడీలు చుట్టే ఆమె కూతురు దాన్ని పైసా ఖర్చు లేకుండా చదివేది.

పుస్తకప్రియులైన అయ్యలారా, అమ్మలారా! మీకు పుస్తకాలు ఇవ్వమని మమ్మల్ని అడుగుతున్నారు. మేం ఇచ్చేశాం. రూపాయికి ఎనిమిది పైసల చొప్పున, రసీదుతో సహా. ఆ డబ్బు ఏ ఖాతాలో ఆగింది, ఎవరు ఆపారు, ఎప్పుడు జమ చేస్తారు, ఊరూరి లెక్క గ్రంథాలయం గోడ మీద అంటించండి. బాకీ ఉన్నవాడు కానుక అడగడం ఏ ఊరి మర్యాదా కాదు. ముందు బాకీ కట్టండి.